రౌటర్ బిగించి పోయిన బావకు

తాండూరు

సోమేశ్వర్ బావకు,

ఫోన్‌లో నా గొంతు వినగానే "మళ్ల ఏం ఆట మొదలువెట్టినవ్ బావా" అని పెట్టేస్తున్నావు. మా బిడ్డ నిఖిల ఫోన్ చేస్తే నేనే చేయించానంటున్నావు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న వికారాబాద్ నుంచి వచ్చి, నెట్‌లో నా తుంటరి చేష్టలకు భయపడి మా రౌటర్‌లో ఫైర్‌వాల్ అనే అడ్డు బిగించి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా పోయావు. ఇప్పుడు సినిమాలన్నీ వస్తున్నాయి గానీ, నిఖిల ఇంటి నుంచి తెరిచి పనిచేసే హైదరాబాద్ ఆఫీసు కంప్యూటర్ ఒక్కటే తెరుచుకోవడం లేదు. నన్ను ఆపబోయి నీ మేనకోడలిని ఆపావు, మహా తెలివి. సోమవారానికి పనిలో కనబడకపోతే ఉద్యోగం తీసేస్తారట. తిట్లు మాత్రం నాకు. "నాయినా, గీ ఒక్కసారన్న నిజం చెప్పు" అని బిడ్డే అడిగింది.

పాస్‌వర్డ్ నాకు చెప్పకు, నిఖిలకే చెప్పు. ఈ ఉత్తరం నీ చెల్లెలే తెస్తోంది. ఆమె కూడా నన్ను నమ్మలేదు. బిడ్డ ఏడుపు చూసి రైలెక్కుతోంది.

ఇట్లు,
ఈసారి ఏమీ చేయని నీ బావ