ఇసుక జల్లించే చేపలు

ఏమండీ,

ఈరోజు మీ సంవత్సరీకం. బందరులో మన డాబా మీద పిండం పెట్టాం. కాకి పిట్టగోడ మీద వాలింది గానీ ముట్టలేదు.

"ఏదో కోరిక మిగిలుంటుందమ్మా, తీరుస్తామని మాటివ్వండి," అన్నారు పంతులుగారు.

"పాపను నేను చదివిస్తానన్నయ్యా," అన్నాడు మీ తమ్ముడు. కాకి కదల్లేదు.

మీ అక్వేరియం తీసుకెళ్ళమని నిన్ననే చేపల షాపాయనకు చెప్పాను. ఇసుక నోట్లోకి తీసుకుని జల్లించే ఆ చేపలకు నీళ్ళు కాస్త పాడైనా పడదు. వారం వారం మార్చడం నా వల్ల కావడం లేదు.

చివరికి నేనే అన్నాను, "మీ చేపల నీళ్ళు మారుస్తానండీ."

కాకి దిగింది.

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. కిందికి వచ్చేసరికి షాపాయన ఆటోతో గుమ్మంలో ఉన్నాడు. ఆయన్ని పంపేసి బకెట్టు తీసుకున్నాను.