గంటకి, నా గుండె సంగతి

మార్చి 11, మంగళవారం

ప్రియమైన గంటకి,

ముందుగా మీ అమ్మగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. నువ్వు ప్రెస్సు మానేసి ఏడు నెలలైంది. కాన్వెంటు బళ్లో సిస్టర్లు నేర్పినట్టు కాగితానికి మార్జిన్ గీసి నీకు ఉత్తరం మొదలుపెట్టడం ఇది ఎనిమిదోసారి. మార్జిన్ దాటడం మాత్రం ఇదే మొదలు.

నీ కుర్చీలో ఇప్పుడు కొత్తమ్మాయి కూర్చుంటోంది. ఆమె రాతప్రతి పైకి చదువుతుంది, నేను ప్రూఫులో సరిచూసుకుంటాను. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా నీలాగే పలుకుతుంది గానీ, చెవిలో దోమ చెప్పినట్టుంటుంది. "గంట ఉన్నప్పుడు వీధి చివర కొట్టువాడికి కూడా మన పుస్తకాలు కంఠతా వచ్చేవి" అన్నాడు ఫోర్‌మన్ బాబాయ్ మొన్న. అందరం నవ్వాం. తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడ్డాం.

అసలు సంగతికి వస్తాను. ఆ రోజు భోజనాలయ్యాక నేను కునికిపాట్లు పడుతున్నానని నువ్వు "ఫుల్‌స్టాప్!" అంటూ బల్ల అదిరేలా అరిచావు. నేను ప్రూఫుల మీదికి ఒరిగిపోయాను. గుండె లయ తప్పిందన్నారు ఆసుపత్రిలో. ఒకదాని వెంట ఒకటి జరిగాయి కాబట్టి, ఒకదాని వల్లే ఒకటి అనుకున్నారు అందరూ. "సరదాకి హద్దుండొద్దూ? పిల్ల ప్రాణం తీసేదానివి కదే!" అని మా అమ్మ వరండాలో నిన్ను అంది. మర్నాడే నువ్వు రాజీనామా ఇచ్చావు.

పోయిన నెల నాకు మళ్లీ రెండుసార్లు లయ తప్పింది. ఈసారి చూసిన డాక్టరమ్మ నా ఒంటికి చిన్న పెట్టె తగిలించింది. రోజంతా గుండె ఎలా కొట్టుకుందో అది రాసుకుంటుంది. ఏ నిమిషాన ఏం చేశానో నేను కాగితం మీద రాయాలి. నాకు తగిన పనే. "కేక సంగతి కూడా తేల్చేద్దాం" అని నాన్న తలుపు వెనక నక్కి ఒక్క అరుపు అరిచారు. అమ్మ చేతిలో పాలగిన్నె జారిపోయింది. "మీ పరీక్ష తగలెయ్య, దాని గుండె చూస్తున్నారా, నాది చూస్తున్నారా?" అంది.

పెట్టె రాతనీ నా రాతనీ పక్కపక్కన పెట్టి చదివింది డాక్టరమ్మ, అచ్చం మనం ప్రూఫు చూసినట్టే. మన ప్రమేయం లేకుండా గుండెని నడిపే నరాలు రెండు రకాలట. ఒకటి తోలుతుంది, ఒకటి పగ్గం లాగుతుంది. భయం, కోపం, పరుగు మొదటిదాన్ని రెచ్చగొడతాయి. నాన్న అరిచినప్పుడు నా గుండె పరుగెత్తింది గానీ అడుగు తప్పలేదు. తప్పింది మధ్యాహ్నం రెండున్నరకి. కడుపునిండా తిని, చల్లటి నీళ్లు గడగడా తాగి, పుస్తకం పట్టుకుని పడుకున్నప్పుడు. పగ్గం మరీ బిగిసినా కొందరికి లయ చెదురుతుందట. "చాలామందికి దడుపుతో వస్తుందమ్మా, నీకేమో కుదురుతో వచ్చింది" అని నవ్వింది. మందు రాసింది. మితంగా తినమంది, తినగానే నడుం వాల్చొద్దంది. బాగానే ఉంటానంది.

ఇంటికొచ్చాక అమ్మ చెప్పులు విడుస్తూ "ఆ పిల్ల అడ్రసుందా?" అని అడిగింది.

మొన్న బస్సులో మీ వదిన కలిసింది. నువ్విప్పుడు ఎవరితోనూ గట్టిగా మాట్లాడటం లేదట. గది గుమ్మం దగ్గర ఆగి, దగ్గి, అప్పుడు లోపలికి వస్తున్నావట. నీకా కర్మేమిటే?

ఇట్లు,
నీ కామా

తా.క. నాకిది డాక్టరమ్మ చెప్పకముందే తెలుసు. ఆ రోజు నువ్వు అరవకముందే గుండె చెదిరింది, అక్షరాలు మసకబారాయి. నేను తూగింది నిద్రతో కాదు. వరండాలో అమ్మ నిన్ను అంటున్నప్పుడు కూడా మెలకువగానే ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ ఉదయమే నువ్వు వేరే సెక్షనుకి మారుతున్నానని ఎగిరి గంతేసి మరీ చెప్పావు. అందుకే అనలేదు. ఇన్నాళ్లూ దాన్ని బిడియం అని సరిపెట్టుకున్నాను. బిడియం కాదు, కోపం. అమ్మకి ఇంకా చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి కదా.