కాగితం మీద మూడేళ్ళు

కోయంబత్తూరులో ఉన్న బావకు సంకగిరి నుంచి పూంగొడి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మావయ్యా బాగున్నాం. మీరు వేళకు తింటున్నారనీ, బొటనవేలి గాయం మానిందనీ అనుకుంటున్నాను. ఫోన్‌లో నేను ఊఁ కొట్టడం తప్ప ఏమీ మాట్లాడనని మీరే ఉత్తరం రాయమన్నారు. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

వంటింటి పెంకులు మావయ్య సర్దించారు. ఇప్పుడు వాన లోపలికి రావడం లేదు. మీ ఫీజు కోసం అమ్మిన గేదె కొత్త ఇంట్లో బాగానే పాలిస్తోందట. మనం ప్యాకెట్ పాలు కొంటున్నాం. మావయ్య టీ తాగినప్పుడల్లా, "గ్లాసు కడిగిన నీళ్ళు మళ్ళీ పోశావా అమ్మాయ్" అంటారు. అన్నాక నవ్వుతారు.

లారీ షెడ్డులో మీ చోటు గురించి మీరు అడిగారు. దాచి ఏం లాభం? మీ చోట సేలం మనిషిని పెట్టుకున్నారు. మీ దగ్గరకే లారీ తెచ్చే చిన్నసామి అన్న మొన్న సంతలో నన్ను చూసి, "ఏమ్మా, నీ మొగుడు కంప్యూటరుతో లారీ రిపేరు నేర్చుకుని ఎప్పుడొస్తాడు? వచ్చాక మా ఇంజను మీద చెయ్యి వేస్తాడా, దూరం నుంచే మీట నొక్కుతాడా?" అన్నాడు. నేను తల వంచుకుని వచ్చేశాను. "త్వరగా రమ్మను, ఆ సేలంవాడు బిగించిన నట్టు ఈరోడ్ చేరేదాకా కూడా ఆగదు" అని వెనక నుంచి కేక వేశాడు.

మావయ్య రోజూ టీకొట్టు దగ్గర మీ మాటే చెబుతున్నారు. "మా వాడికి సర్టిఫికెట్టు రానీ, కొత్త లారీలన్నీ వాడి ముందే వరుస కడతాయి" అంటారట. "అయితే నీ మోకాలు కూడా వాడికే చూపించు పెద్దాయనా, కంప్యూటరు పెట్టి చూస్తాడు" అని టీకొట్టాయన ఏడిపిస్తాడు. అది కూడా ఇంటికొచ్చి గొప్పగానే చెబుతారు.

మీరు అడిగిన ఇంకో సంగతి ఉంది. బైపాసు దగ్గర కంపెనీ సర్వీసు సెంటరు తెరిచారా, వెళ్ళి కనుక్కోమన్నారు. తెరిచారు. మంగళవారం నేనొక్కదాన్నే వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి, "బండి ఏదమ్మా?" అన్నాడు. నేను మీ ఆధార్ నకలు చూపించాను. తర్వాత ఎలాగో లోపలికి వెళ్ళి మేనేజరుకు మీ పేరు, మీ అనుభవం, మీ కోర్సు అన్నీ చెప్పాను. నేనే చెప్పాను బావా. ఆయన బాగా విన్నాడు. నీళ్ళు ఇప్పించాడు. మీ ఆధార్ నకలు చూసి, "ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళను కొత్తగా తీసుకోరక్కా. ఈయనకు ముప్పై రెండు" అన్నాడు.

మీ అసలు వయసు ఇరవై తొమ్మిదేనని చెప్పాను. లైసెన్సు త్వరగా రావాలని అప్పట్లో మావయ్య మూడేళ్ళు ఎక్కువ వేయించారని చెప్పాను. మీరు పుట్టినప్పుడు బొడ్డు కోసింది మా అమ్మమ్మేనని కూడా చెప్పాను. ఆయన తల పట్టుకుని, "మీ అమ్మమ్మకు తెలిస్తే చాలదక్కా, కాగితానికి తెలియాలి. ఈ మాట ఇంకెక్కడా అనకండి, ఉన్న లైసెన్సు కూడా పోతుంది" అన్నాడు. మిగతా కంపెనీలలోనూ ఇదే పద్ధతట.

బయటికొచ్చి బస్సెక్కకుండా నడిచాను. బస్సులో ఏడిస్తే అందరూ చూస్తారని.

ఇంత జరిగాక ఆ చదువు ఎందుకు అనిపించింది. గేదె పోయింది, షెడ్డులో చోటు పోయింది, మీరు రాత్రిళ్ళు బస్సులు కడిగి అక్కడ రోజులు గడుపుతున్నారు. వెంటనే వచ్చేయమని రాసి ఆ కాగితం చించేశాను. ఇన్నేళ్ళు చేత్తో చేసిన పని ఎందుకలా చేయాలో ఇప్పుడు అర్థమవుతోందని మీరు రాశారు కదా, అది మధ్యలో ఆపమని రాయడానికి నాకు చేయి రాలేదు. దానితో ఇంట్లోకి బియ్యం రావని తెలుసు. అయినా పూర్తి చేసి రండి.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కోప్పడకండి. ఆ రోజు సాయంత్రం మావయ్య గుమ్మంలోనే నిలబడి, "ఏమన్నారు?" అన్నారు. పరీక్ష అయ్యాక రమ్మన్నారని అబద్ధం చెప్పాను. ఆయన వెంటనే చొక్కా వేసుకుని టీకొట్టుకు వెళ్ళారు. వయసు వల్ల ఉద్యోగం రాలేదంటే ఆయన ఊరుకుంటారా? సెంటరుకు వెళ్ళి గొడవ పెట్టుకుంటారు. మూడేళ్ళు వేయించింది తనేనని అక్కడ అందరి ముందూ వినాల్సి వస్తుంది. మీ మంచి కోసం ఆ రోజుల్లో పస్తులుండి లంచం ఇచ్చిన మనిషి అది విని తట్టుకోలేరు.

కాబట్టి పరీక్ష బాగా రాయండి. సర్టిఫికెట్టు తెచ్చి నాకు చూపించండి, మీ పేరు నేను వేలు పెట్టి చదువుకుంటాను. మావయ్యకు మాత్రం పరీక్ష తప్పానని చెప్పండి.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే మీ మేనత్త కూతురు, మీ ఇల్లాలు,
పూంగొడి