మాట పక్కన పేరు

మంగళవారం రాత్రి, హైదరాబాద్

నవాబుల కాలం నాటి ఈ హోటల్లో ఒక రోజు ఉండి మా పత్రిక ఆదివారం సంచికకు వ్యాసం రాయమని నన్ను జనగామ నుంచి పిలిపించారు. పరుపు మరీ మెత్తగా ఉంది. నడుం నొప్పి.

సాయంత్రం దుప్పట్లు మార్చడానికి వచ్చిన ఆవిడ నన్ను చూసి ఆగింది.

"నువ్వు పేపరన్నవు గదా? నర్మెట్ట దగ్గర మా తండకు వచ్చినవు. నా వయసు రెండేండ్లు ఎక్కువ రాసినవు."

గుర్తుకొచ్చింది. పత్తి మిల్లులో ఆడకూలీలకు మరుగుదొడ్డి లేదని ఆమె చెబితే రాశాను. మాట పక్కన పేరు, ఊరు, వయసు పెట్టాను. అవి లేని వార్తను నేను నమ్మను.

"తర్వాత కట్టిన్రు గదా అక్కా?"

"కట్టిన్రు. పేపర్ల నా పేరు జూసి తెల్లారే రావద్దన్నరు. ఇంకో మిల్లోడు గూడ రానియ్యలె. గందుకే గింత దూరం వచ్చిన. గీడ మంచిగనే ఉంది. జర నా పేరు మాత్రం రాయకన్నా."

రాయనన్నాను.

ఆ వార్త గురించి కొత్త విలేకరులకు ఎన్నిసార్లు చెప్పానో. మరుగుదొడ్డి కట్టారా అని మిల్లుకు వెళ్లి చూసి వచ్చాను. ఆమె పనిలో ఉందా అని మాత్రం అడగలేదు.

వ్యాసంలో మెట్లు, అద్దాలు, దీపాలు వచ్చాయి. ఇక్కడ పనిచేసేవాళ్ల మాట ఒక్కటీ లేదేమని డెస్క్ వాళ్లు రేపు అడుగుతారు. పేరు లేని మాట వేయకూడదని వాళ్లకు నేర్పింది నేనే.

ఈ డైరీలోనైనా ఆమె పేరు రాసుకుందామని మొదలుపెట్టి, కొట్టేశాను.