తలుపు కొట్టడం నేర్చిన కోతి

నా రజితకు,

...ఆ మొండిదాని దగ్గరే నిన్న ఆపేశాను. అమ్మ పిలిస్తే కాగితం మడిచి బియ్యం డబ్బాలో దూర్చి వెళ్ళాను. ఇవాళ అక్కడి నుంచే రాస్తున్నా.

మొండిది అంటే మా ఊరి కోతి. దానికి కుడి అరచెయ్యి లేదు. పిల్లగా ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద కాలిపోయిందట. మా బాపమ్మ దానికి ఆ పేరు పెట్టింది. మీ అమ్మ దాన్ని చూసింది. అది మాదని మీకు తెలియదు, అంతే.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. సెలవులకు ఇంటికి వస్తే నా ఫోన్ అమ్మ దగ్గరే ఉంటుంది. మా నవీన్ అన్న నా మెసేజ్‌లు చదివి అందరి ముందు నవ్వుతాడు. ఇది నవ్వే సంగతి కాదు. హాస్టల్లో మన చిట్టీలన్నీ ఇంగ్లీష్‌లోనే నడిచేవి, తెలుగు ఒత్తులు నాకు ఇప్పటికీ తడబడతాయి. అయినా తెలుగులోనే రాస్తున్నా. నువ్వు చదివి వినిపిస్తే మంచం మీదున్న మీ అమ్మకు కూడా అర్థం కావాలి. వినిపిస్తావో, చించేస్తావో నీ ఇష్టం.

కథలాపూర్ దాటి మా ఊరికి వస్తుంటే ఎడమ పక్కన ఒక గుట్ట ఉండేది. సీతాఫలం చెట్లు, తునికి చెట్లు, వాటి నిండా కోతులు. అవి కిందికి దిగేవి కావు. తర్వాత గ్రానైట్ కోసం గుట్టను కోశారు. ఇప్పుడు అది సగం తిని వదిలేసిన కేకులా ఉంది. కోతులు ఊళ్ళోకి వచ్చేశాయి. వాటి బాధకు మా ఊళ్ళో పల్లికాయ వేయడం మానేశారు, పెరట్లో బీరపాదు కూడా పెట్టరు. మా మామిడి తోటలో ఒక్కో కాయను ఒక్క కొరుకు కొరికి పారేస్తాయి. డాడీ ప్లాస్టిక్ పులిబొమ్మ తెచ్చి కొమ్మకు కట్టాడు. రెండో రోజుకల్లా దాని వీపు మీద ఒక పిల్ల కోతి కూర్చుని పేలు చూయించుకుంటోంది. మంగళవారం మా ఊరు హనుమంతుడికి అరటిపండ్లు పెట్టి దండం పెడుతుంది. బుధవారం అదే చేత్తో కోతుల మీదికి రాళ్ళు. తప్పని నేను అనలేను. ఏడాదంతా చూసుకున్న కాయ నేల మీద పడి ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కోతికి కూడా కడుపు ఉంటుంది. ఎవర్ని తిట్టుకోవాలో తెలిస్తే నాకు ఇంత భయం ఉండేది కాదేమో.

మా బాపమ్మ, అంటే డాడీ వాళ్ళ అమ్మ, జానకి బాపమ్మ. మోకాళ్ళు పట్టేశాక గుడికి పోవడం మానేసింది. వంటింటి వెనక తలుపు లోపల పీట వేసుకుని, కొంగులో పుట్నాలు కట్టుకుని కూర్చునేది. మొండిదొక్కటే అక్కడికి వచ్చేది. మిగతా వాటిలాగా లాక్కోలేదు కదా, ఒక్క చెయ్యి.

"మీద పడి గుంజుకుంటె పెట్ట. మంచిగ తలుపు కొట్టు, పెడ్త," అని దాంతో మాట్లాడేది. గాజుల చేత్తో తలుపు మీద టక టక టక కొట్టి చూపించేది. కొన్నాళ్ళకు అది నేర్చుకుంది. మొండి చేత్తో, కింద, గడప దగ్గర మూడుసార్లు కొట్టేది. ఆగేది. బాపమ్మ లేచేదాకా మళ్ళీ కొట్టేది కాదు.

"మనుషులకు రాని మర్యాద దీనికచ్చింది సూడే," అని బాపమ్మ మురిసిపోయేది.

ఏప్రిల్‌లో డాడీ కోతులు పట్టే మనిషిని పిలిపించాడు. అతని పేరు హన్మంతు. "నా పేరు గిదైనందుకే సార్ నా మాట ఇంటయి," అని జోకులేసేవాడు. బోన్లలో అరటిపండ్లు పెడితే అన్నీ ఎగబడి దూరాయి. మొండిది మాత్రం బోను పక్కన నిలబడి ఇనుప చట్రాన్ని మూడుసార్లు కొట్టింది. ఆగింది. తర్వాతే లోపలికి పోయింది. నేను చూశాను రజితా.

అడవిలో విడిచిపెడతామని ఊరందరికీ చెప్పారు. కళ్ళద్దాలు మార్పిద్దామని డాడీ నన్ను కారులో ఎక్కించుకుని వ్యాన్ వెనకే బయలుదేరాడు. అడవి పక్క ఊళ్ళన్నీ కాపలా కాస్తున్నాయి. రోడ్డుకు అడ్డంగా కట్టె పెట్టి ఒక ముసలాయన టార్పాలిన్ కప్పిన వ్యాన్‌ను ఆపాడు.

"ఏం బండిరా? తాటిపత్రి తియ్యి."

"మామిడికాయలు తాతా," అన్నాడు హన్మంతు.

"మామిడికాయలు కిచకిచమంటయారా? మలుపు బండి. మావి మాకే సాల్తలేవా."

ఏ ఊరికి పోయినా అంతే. అలా పోయి పోయి సిరిసిల్ల దాకా వచ్చేశాం. ఊరి బయట చెరువు కట్ట దగ్గర ఎవరూ లేరు. హన్మంతు బోన్లు తెరిచాడు.

"డాడీ, రజిత వాళ్ళ ఇల్లు ఇక్కడికి దగ్గరే," అన్నాను.

"అయితేంది బిడ్డా? చెట్లున్నయ్, నీళ్ళున్నయ్. బతుకుతయ్ తియ్." కారు తిప్పాక మళ్ళీ అన్నాడు, "ఫారెస్టోళ్ళకు తెలిస్తె కేసైతది. ఇంట్ల గూడ అనకు."

తర్వాత నీ వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మ స్పీకర్ పెట్టింది. నువ్వు ఏడుస్తూ చెప్పావు. మధ్యాహ్నం మీ అమ్మ ఒక్కతే బీడీలు చేసుకుంటుంటే ఎవరో తలుపు కొట్టారట. నువ్వే వచ్చావనుకుని తీసిందట. ఎదురుగా కోతి. అది లోపలికి వస్తే భయపడి బయటికి పరిగెత్తి, మెట్ల మీద నుంచి పడిందట. నడుము కింద స్పర్శ లేదన్నావు. చివర్లో అన్నావు, "కోతి తలుపు కొట్టిందంటె ఎవ్వలన్న నమ్ముతరా దీక్షితా? అమ్మకు తలకు దెబ్బ తాకి గట్ల మాట్లాడ్తుందంటున్నరు. నాకు గూడ గట్లనే అనిపిస్తుంది."

అమ్మ అయ్యో అంది. డాడీ పేపర్ చదువుతున్నాడు. పేపర్ దించలేదు.

భయంతో,
నీ దీక్షిత

*

రజితా, బంగారూ,

నిన్న మీ ఇంట్లో నీ పక్కనే కూర్చున్నాను, నోరు విప్పలేదు. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. "నువ్వేం మాట్లాడకున్నా మంచిదే, అచ్చినవ్ గదా," అన్నావు. దానికంటే నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

రావడం డాడీకి ఇష్టం లేదు. అమ్మే పట్టుబట్టింది. "మన పోరి పక్క మంచం మీద పండుకున్న పిల్ల. పోయి సూడకుంటె ఎట్ల?" అంది. డాడీ బుట్ట నిండా మామిడిపండ్లు పెట్టించాడు. కోతులు పోయాక మిగిలిన పండ్లు అవి. ఆ బుట్టను మీ అమ్మ మంచం కింద పెట్టాను.

మీ వాడంతా మగ్గాల సాంచెల చప్పుడు. చిన్నప్పటి నుంచి అందులో ఉన్నావు కాబట్టి నీకు వినపడదు. ఆ టకటకల్లో కూడా మీ అమ్మ తన తలుపు మీది చప్పుడును వేరుగా గుర్తుపట్టింది. దారిలో నేను అదే అనుకుంటూ ఉన్నాను.

మీ అమ్మ డాడీని చూసి లేవబోయింది. లేవలేక కొంగు సర్దుకుంది.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు, మీరన్న చెప్పున్రి. కోతే కొట్టింది సార్. మూడుమాట్ల కొట్టింది. నేను బీడీల చాట పక్కకు పెట్టి లేచేదాంక ఆగింది గూడ. మల్ల కొట్టలే. మనిషి ఆగినట్టు ఆగింది."

ఆ ఆగడం గురించి ఇంకెవరికి తెలుస్తుంది రజితా? అబద్ధం చెప్పేవాళ్ళకు అంత దాకా తోచదు. నేను డాడీ వైపు చూశాను. ఇంట్లో రోజూ ఆ చప్పుడు విన్న మనిషి. "తలుపు తియ్యే అమ్మా, నీ సుట్టమచ్చింది," అని బాపమ్మను ఆటపట్టించిన మనిషి.

డాడీ చాయ్ గ్లాసు కింద పెట్టి, మెల్లగా, ఎంతో ప్రేమగా అన్నాడు. "పడ్డ అదురుకు గట్లనే అనిపిస్తదమ్మా. కోతులు తలుపులు కొడ్తయా? మనసుల పెట్టుకోకు, నిమ్మలంగుండు."

మీ అమ్మ గోడ వైపు ముఖం తిప్పుకుంది. నువ్వు ఆమె తల నిమిరావు, పిచ్చిదాన్ని ఊరుకోబెట్టినట్టు. అప్పుడే చెప్పాల్సింది. భయపడ్డాను. డాడీ నన్ను కొడతాడని కాదు. డాడీ ఎప్పుడూ కొట్టలేదు. రాత్రి జ్వరమొస్తే నా మంచం పక్కన కూర్చునేది ఆయనే. అంత మంచి గొంతుతో అంత అబద్ధం ఆడగలడని తెలిశాక, ఇన్నేళ్ళు ఆయన నాతో చెప్పినవన్నీ ఏంటా అనిపించింది. భయం దానికి.

బయటికి వచ్చేసరికి మీ ఎదురింటి పిట్టగోడ మీద అది కూర్చుని ఉంది. మొండి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మీ తలుపు వైపే చూస్తోంది. చిక్కి సగమైపోయింది. నన్ను చూసి గుర్తుపట్టిందేమో, నాకు తెలియదు. డాడీ కూడా చూశాడు. చూసి చెప్పులు వేసుకున్నాడు.

అప్పుడే మీ నాన్న దశరథం అంకుల్ వెంట వచ్చి అడిగాడు. "సార్, మీ ఊర్లె కోతులను పట్టిచ్చిన్రట గదా. గా మనిషి నంబర్ ఉంటె ఇయ్యున్రి. వాడోళ్ళం తలా ఇంత ఏసుకుంటం."

డాడీ హన్మంతు నంబర్ ఇచ్చాడు. అంకుల్ డాడీకి దండం పెట్టాడు.

ఈ కాగితాన్ని కూడా బియ్యం డబ్బాలోనే పెడుతున్నా. 

నీ,
నోరు లేని దీక్షిత

*

రజితా,

రేపు టీసీ తీసుకోవడానికి కోరుట్ల వస్తున్నానని పంపావు. "నేనింక చదువను, అమ్మను చూసుకోవాలె, బీడీలు నేను చేస్త. నువ్వు కాలేజీ దాంక వస్తే నీ ఫిజిక్స్ రికార్డు ఇచ్చేస్త," అని. బొమ్మలు బాగా వేస్తావని నా రికార్డు నీకిచ్చాను, గుర్తుందా. మీ అమ్మ పడిన రోజుల్లో కూడా అది పూర్తి చేశావట. అమ్మ ఈ మెసేజ్ నాకు చదివి వినిపించి, "ఎంత మంచి పిల్లనో," అంది.

ఇవాళ పొద్దున హన్మంతు మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో కూర్చుని డాడీతో చెబుతుంటే కిటికీ పక్క నుంచి విన్నాను.

"సిరిసిల్లల మొండిదాన్ని సూడంగనే గుర్తువట్టిన సార్. నోరు మూసుకున్న. పట్టుడు పెద్ద కష్టం గాలే, అదే అచ్చి బోను కొట్టింది."

"ఏడ ఇడిసినవ్?" అన్నాడు డాడీ.

"మేడిపల్లి అవుతల, కాపలా లేని జాగల."

"మనూరికి దగ్గరాయె గదరా."

"గరీబోళ్ళు సార్, అంతకంటె దూరం డీజిలెవ్వలు పోస్తరు? గని గా దశరథం ఒక్కటే మాటన్నడు. యాడన్న ఇడువు గని మాధవ రావు సార్ ఊరు దిక్కు మాత్రం ఇడువకు తమ్మీ, మా బిడ్డ దోస్తు ఊరది, ఆళ్ళు మనింటికచ్చి సూశిపోయిన్రు, ఆళ్ళకు బాధ గావద్దు అన్నడు."

డాడీ హన్మంతుకు మామిడిపండ్లు ఇప్పించాడు. అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు. ఏదో ఒకటి జరుగుతుందని నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. డాడీ పేపర్ తీసుకున్నాడు.

బాపమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. నోరు విప్పింది అదే మొదటిసారి. కోతులను తీసుకుపోయినప్పటి నుంచీ ఆమె డాడీతో మాట్లాడడం లేదు. ఇప్పటికీ ఆ వెనక తలుపు దగ్గరే కూర్చుంటుంది, కొంగులో పుట్నాలతో. విని చాలాసేపు ముడి విప్పుతూ, కడుతూ కూర్చుంది.

"తలుపు కొడితె పెడ్తరని నేర్పిన బిడ్డా," అంది. "అందరిండ్లల్ల పెడ్తరా అని నేను సోంచాయించలె."

"రజిత వాళ్ళ అమ్మ సరోజనాంటీకి చెబుదామా బాపమ్మా?"

"చెప్తె ఆమె లేసి నడుస్తదా?"

నడవదు. నువ్వూ కాలేజీకి రావు. మీ నాన్న మాకు పెట్టిన దండం వెనక్కి తీసుకుంటాడు, నువ్వు నా చెయ్యి వదిలేస్తావు. డాడీ మీద కేసు కావచ్చు. చెబితే పోయేవే అన్నీ. వచ్చేది ఒక్కటే. మీ అమ్మకు పిచ్చి లేదు. ఆమె విన్నది నిజం, ఆ ఆగడం కూడా నిజం. చెప్పకపోతే రేపటి నుంచి ఆమె ఆ గోడ వైపు తిరిగి పడుకుని, నేనే తప్పు విన్నానేమో అనుకుంటూ బతకాలి. అది నేను చూడలేను. ఆ ఒక్కదాని కోసం ఈ కాగితాలన్నీ రేపు నీ చేతిలో పెడతా. బియ్యం డబ్బాలోవి తీసి, దులిపి, నా ముందే పెట్టుకున్నాను. బ్యాగు పక్కనే ఉంది. రికార్డు తీసుకుని ఇవి ఇచ్చి, నీ ముఖం చూడకుండా బస్సెక్కుతా. నువ్వు

ఆగు. తలుపు కొడుతున్నారు.

మధ్యాహ్నం, అందరూ పడుకున్నారు. వెనక తలుపు. నేను వంటింట్లోనే ఉన్నాను. మూడుసార్లు కొట్టి ఆగిపోయారు.

బాపమ్మ పీట మీద నుంచి లేస్తోంది. మోకాళ్ళు పట్టుకుని, నవ్వుతూ లేస్తోంది. కొంగు ముడి విప్పుకుంటోంది. ముందు గదిలో డాడీ మంచం కిర్రుమంది. "ఎవలది?" అంటున్నాడు. గోడకు ఆనించిన కట్టె తీసిన చప్పుడు. ఇటే వస్తున్నాడు.

రజితా, మనుషులు కొట్టే ఎత్తులో కాదు. కింద, గడప దగ్గర.

బ్యాగు పక్కనే ఉంది. అయినా ఈ కాగితాలు దూర్చడానికి బియ్యం డబ్బా మూత తీశాను.