తీతువు గూటికి ఎర్ర దారం

శనివారం రాత్రి, కుంభారి

మా అత్త ఇవాళ తీతువు గుడ్లు చిదిమేసింది. ఇంటి వెనక బయల్లో, కంకర మధ్య నాలుగు గుడ్లు, అచ్చం రాళ్లలాగే ఉండేవి. ఎవరొస్తున్నా దూరం నుంచే కనబడుతుందని ఆ పిట్ట చెట్టూ చాటూ లేని చోటే ఎంచుకుంది.

"గా టిట్వీ ఒర్లితే ఇంట్ల పీనుగు లేస్తది" అంటూ అత్త కర్ర పట్టుకుని రోజూ గూటికోసం వెతికేది. తీతువును ఇక్కడ టిట్వీ అంటారు. పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ ఆమెను ఎటో తిప్పుకుపోయేది. కుక్కలకు కూడా ఆ గూడు దొరకలేదు.

పట్టించింది నేనే. పిల్లలు బండ్లతో తొక్కేస్తారని భయపడి, మగ్గాల దగ్గర పారేసిన ఎర్ర దారం తెచ్చి, పుల్లలు పాతి నిన్న గూటి చుట్టూ కట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున అత్త చెప్పుకు అంటిన సొన కడుక్కుంటూ నవ్వింది.

"ఎంత దేవులాడినా దొరకలే. నీ దారమే సూపిచ్చింది బిడ్డా. మస్తు పని చేసినవ్."

కాపురానికొచ్చాక నన్ను బిడ్డా అనడం ఇదే మొదలు. తన చేత్తో చాయ్ పెట్టి ఇవ్వడమూ ఇదే మొదలు. అల్లం కూడా వేసింది.

బయట ఆ పిట్ట దారం చుట్టూ తిరుగుతూ గొంతు చించుకుంటోంది.

చాయ్ బాగుందత్తా, అన్నాను.