ఎడమకొకటి, కుడికొకటి

జూలై 18, ఆదివారం
ఉదయం తొమ్మిది గంటలు

అన్నయ్యకి,

ముందుగా నమస్కారాలు. నువ్వూ వదినా ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతూ రాస్తున్నాను. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను, నీ బొమ్మ ఓడ మా ఇద్దరికంటే కులాసా!

ఫోనులో ఓడ మాటెత్తగానే వదిన చేతిలో పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కూడా మధ్యలో ఆవిడకి ఇచ్చేశావనుకో, మళ్ళీ తెచ్చి నీ చేతిలోనే పెడుతుంది. మేమిద్దరం ముందే అనుకున్నాం.

నిన్న సాయంత్రం ఇరవై రెండో జత చెక్క పట్టీలు అతికించాను. అంటే ఓడ పొట్ట పూర్తిగా మూసుకుంది! ముక్కు నుంచి తోక దాకా దారం లాగి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నమ్మకం కుదరక బోర్లించి చూశాను, తిప్పి చూశాను, చివరికి మీ బావని స్టూలెక్కించి పైనుంచి చూడమన్నాను. ఆయన చాలాసేపు చూసి, సరేగానీ ఇకనైనా భోజనాల బల్ల మీద భోజనం చేయొచ్చా అని అడిగారు. మూడు నెలలుగా పాపం కంచం ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. తెరచాపలు అయ్యాక చూద్దామన్నాను. అప్పుడు ఆయన ముఖం నువ్వు చూసి తీరాల్సింది. నాకైతే నిన్నటి నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

నువ్వు అటకెక్కించిన ఓడని వదిన నాకు పంపినప్పుడు, నిజం చెప్పొద్దూ, వంకర దోసకాయలా ఉంది. పాత పట్టీలు ఊడదీయడానికే మూడు వారాలు పట్టింది. పళ్ళ సెట్లు చేసే మా ల్యాబ్‌లో స్పిరిట్‌కి కొదవ లేదుగా. దూదితో అద్ది, జిగురు మెత్తబడ్డాక, మైనం చెక్కే కత్తితో ఒక్కొక్కటే లేపాను. లోపల నువ్వు చెక్కతో కోసిన ఓడ పక్కటెముకలు బయటపడ్డాయి. పదిహేడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా గీకలేదు, మార్చలేదు. వాటి మీదే కొత్త పట్టీలు అతికించాను.

ఒక్కచోట కుదురుగా కూర్చోలేని బొంగరం ఇన్నాళ్ళు ఎలా పట్టు వదలకుండా చేసిందా అని నీకు ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ పేరు పెట్టింది నువ్వేగా. మొదటి ఎనిమిది జతలు ఉరుకులు పరుగుల మీద అయిపోయాయి. తొమ్మిదో జత దగ్గర, ముక్కు వంపులో, వరసగా మూడు పట్టీలు విరిగాయి. అంతే, నీరుగారిపోయాను. ఓడ మీద తువ్వాలు కప్పేసి, ల్యాబ్‌లో పని ఎక్కువైందని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి పని ఎప్పుడూ ఉండేంతే ఉంది. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. పదమూడో రోజు మా డాక్టరమ్మ పై దవడ సెట్టు చేతిలో పట్టుకుని, మీ ఓడ ఎందాకా వచ్చిందని అడిగింది. సగం పైనే అయిందని చెప్పేసి, సిగ్గుతో ఇంటికొచ్చి తువ్వాలు తీశాను.

అప్పుడు తెలిసింది నా రోగం ఏమిటో. ఓడ సామాను వచ్చిన పెట్టె మీదున్న పూర్తయిన ఓడ బొమ్మని ఎదురుగా పెట్టుకుని పనిచేస్తున్నాను. తలెత్తినప్పుడల్లా ఆ మూడు తెరచాప స్తంభాలూ, ఆ తాళ్ళూ, ఆ ముడులూ చూసి గుండె జారిపోయేది. పెట్టెని గోడకేసి తిప్పేశాను. చేతిలో ఉన్న జత తప్ప ఇంకేదీ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. నానబెట్టి వంచడం ఒకరోజు, అతికించడం మర్నాడు, పైన బట్టల క్లిప్పులు పెట్టి ఇక చేయి తీసేయడం. మనసు బాగోలేని రోజున ఏమీ అతికించక్కర్లేదు, కుర్చీలో కూర్చుని ఒక పట్టీని ఎమరీ కాగితంతో కాసేపు రుద్దితే చాలు. విచిత్రమేమిటంటే, ఊరికే రుద్దుదామని కూర్చున్న రోజుల్లోనే పని బాగా సాగింది!

ఇక అసలు సంగతి. మీ ఫర్నిచరు దుకాణంలో ఇరవై ఆరో తారీకు సోమవారం నుంచి కౌంటరు సీటు ఖాయం చేసుకుంటున్నావట, వదిన చెప్పింది. కోత బల్లని కొత్త మనిషికి ఇచ్చేయమని నువ్వే యజమానిని అడిగావట. ఇరవై ఏళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడివి, కూర్చుని సోఫాల ధరలు చెబుతావా? ఓడ వంకరపోయిన రోజున, పక్కటెముకలు నేనే తప్పు కోశాను, నా కంటి కొలత పోయింది అన్నావు. ఆ తర్వాతే ఒక్కో చెక్కనీ నాలుగుసార్లు కొలవడం మొదలుపెట్టావు. ఆ కంగారులోనే బీరువా తలుపు అంగుళం తక్కువ కోశావు. అన్నిటికీ మొదలు ఓడే కదా. ఆ ఓడ ఇవాళ నీ పక్కటెముకల మీదే తిన్నగా నిలబడింది! మరి అప్పుడెందుకు వంగిందంటావా, వానల రోజులు, చెక్కకి తేమ పట్టి ఉంటుంది. అంతకు మించి ఏమీ లేదు.

స్తంభాలు కోయడం నా వల్ల కాదు. మొదట్లో లావుగా, పోనుపోను సన్నగా, గుండ్రంగా రావాలట. నేను కోస్తే పళ్ళు తోముకునే పుల్లలా వస్తుంది. శనివారం రా. చెక్క తెచ్చి ఉంచాను, రంపానికి పదును పెట్టించాను. వదినని కూడా తీసుకురా, భోజనాల బల్ల మాత్రం ఆశించవద్దను.

జిగురు చేతులతో,
నీ చెల్లెలు
బొంగరం

తా.క. కవరు అంటించబోయి ఆగాను. తేమ అని రాశాను చూడు, అది అబద్ధం. నిరుడు నువ్వు పొరుగూరికి ఫిట్టింగు పని మీద వెళుతూ, ఓడనీ ఆరు జతల పట్టీలనీ నాకు అప్పగించి, ఎడమకొకటి, కుడికొకటి, అవి ఆరాకే ఇంకో జత అని మరీ మరీ చెప్పావు. నేను ఆగలేకపోయాను. ఒక్క మధ్యాహ్నంలో ఆరు పట్టీలు కుడివైపే వరసగా అతికించేశాను. తెల్లారేసరికి ఓడ కుడికి లాగేసింది. గాభరాపడి ఎడమవైపు ఆరూ అతికించాను గానీ, వంపు పోలేదు. నువ్వొచ్చి వేలితో తడిమి, జతలుగానే అతికించావా అని అడిగావు. అవునన్నాను. నువ్వు నా మాట నమ్మి నీ కన్నుని నమ్మడం మానేశావు. ఏడాదిగా చెబుదామనుకుంటూ భయపడ్డాను. ఓడ తిన్నగా వస్తే ఇక చెప్పక్కర్లేదని కూడా అనుకున్నాను. నీ కన్ను తప్పలేదు అన్నయ్యా, తప్పింది నేను. నన్ను ఎంతైనా తిట్టు, ఏడాది పాటు తిట్టు. కానీ ఆ సోమవారం నుంచి కోత బల్ల దగ్గరే నిలబడి తిట్టు.